దీపపు పురుగులకు విడిది

మొన్న శనివారం ఏలూరులో మా అపార్టుమెంటుకి పురుగుల మందు కొట్టే కంపెనీ తాలూకు ఒకాయన వచ్చాడు. వీపుకి డబ్బా, చేతిలో రంగుల కాగితం. ఆ కాగితం మీద బొద్దింక, చీమ, చెదపురుగు, దోమ అన్నీ పెళ్ళి ఫోటోకి నిలబడ్డట్టు వరసగా ఉన్నాయి. "ఏ పురుగైనా మా మందు ఒకటేనండి, ఏడాదికి కాంట్రాక్టు రాసుకుంటే ఇంక మీరు వాటి సంగతి మర్చిపోవచ్చండి" అన్నాడు. మా వంటింట్లో తిరిగేవి చిన్న బొద్దింకలో పెద్దవో ముందు చూడరా అని అడిగాను. "ఏవైతే ఏంటండి, చచ్చేవేగా" అన్నాడాయన. లోపల్నుంచి మావారు దగ్గారు. ఇంక చాలు అని ఆ దగ్గుకి అర్థం. నేను ఊరుకుంటానా? చిన్నవి ఫ్రిజ్జు వెనక వెచ్చదనానికి కాపురం పెడతాయని, పెద్దవి డ్రైనేజీ గొట్టంలోంచి వస్తాయని, ఒకదానికి పగుళ్ళు పూడ్చాలని, ఇంకోదానికి జల్లెడ మూత బిగించాలని చెప్పుకొచ్చాను. పాపం ఆయన డబ్బా దించి, కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, అంతా విని పక్క ఫ్లాటుకి వెళ్ళిపోయాడు. నా నోట మాట్లాడింది మా పెద్దమ్మేనని తలుపు వేసుకున్నాక తెలిసింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మా పెద్దమ్మ అంటే అమ్మకి స్వయానా అక్క. తాడేపల్లిగూడెంలో ఒక మిషను హైస్కూల్లో బయాలజీ టీచరుగా చేసి రిటైరైంది. పొట్టి మనిషి, గట్టి గొంతు, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన నూలుచీర. ఆవిడ హ్యాండుబ్యాగులో బైబిలూ, కళ్ళజోడూ, వాటితోపాటు ఒక భూతద్దం ఉండేవి. ఆదివారం ఆరాధనలో అందరం ప్రసంగం వింటుంటే ఆవిడ కళ్ళు మాత్రం గోడమీద మట్టిగూడు కడుతున్న కందిరీగ వెంట తిరిగేవి. ఇంటికొచ్చాక వాక్యం ఏమిటో చెప్పమంటే చెప్పేది, కందిరీగ ఎన్ని గదులు కట్టిందో కూడా చెప్పేది. బియ్యంలో ముక్కపురుగు పడితే మేమంతా ఎండలో పొయ్యడానికి చాపలు తీసేవాళ్ళం. "ఎండలో పోస్తే పురుగు పోతుంది, బియ్యమూ నూకవుతాయి. నీడలో పల్చగా ఆరబొయ్యండి, వాటంతటవే నడిచిపోతాయి" అనేది. పెరట్లో మునగచెట్టుకి ఏటా గొంగళిపురుగులు పట్టేవి. వీధి వీధంతా చెట్టు కొట్టించెయ్యమని మొత్తుకునేది. అవి రాత్రిళ్ళు ఆకు తిని, తెల్లారేసరికి దిగి మొదలు దగ్గర గుంపుగా పడుకుంటాయని పెద్దమ్మ కనిపెట్టింది. ఇంకేముంది, కర్రకి గుడ్డ చుట్టి నూనెలో ముంచి వెలిగించి, ఆ గుంపుకి అక్కడికక్కడే అంత్యక్రియలు జరిపించింది. చెట్టూ మిగిలింది, కాయలూ కాసింది. కొట్టించమన్న ఇళ్ళవాళ్ళే మునక్కాడల కోసం గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ అందరికీ ఇచ్చింది, కాకపోతే ఇచ్చే ముందు ఆ గొంగళిపురుగు జీవిత చరిత్ర మొత్తం చెప్పి ఇచ్చింది.

అసలు సంగతి మా అన్నయ్య ఇంటి గురించి. అన్నయ్యది ఆకివీడులో చేపల మేత వ్యాపారం. పెళ్ళికి ముందునుంచే ఇంటి ప్లాను జేబులో పెట్టుకు తిరిగేవాడు. కనిపించినవాళ్ళకల్లా ఆ కాగితం విప్పి, ఇక్కడ అరుగు, ఇక్కడ కిటికీ అని చూపించి, మళ్ళీ మడత పెట్టేవాడు. చివరికి ఊరి చివర, చెరువుల మధ్య ఆ ఇల్లు కట్టాడు. గుమ్మంలో నిలబడితే కొల్లేరు వైపునుంచి గాలి, ఎదురుగా వాడి చేపల చెరువు, గట్టుమీద కొబ్బరిమొక్కలు, నీళ్ళలో ఒంటికాలి మీద కొంగలు. పగలు చూసినవాళ్ళు అదృష్టవంతుడివి అనేవారు. పొద్దువాలాక వచ్చినవాళ్ళు ఏమీ అనేవారు కాదు, ఎందుకంటే నోరు తెరిస్తే పురుగు పోయేది. ఒక్క వాన పడితే చాలు, మర్నాటి సాయంత్రం నువ్వుగింజంత దీపపు పురుగులు చెరువులోంచి మబ్బులా లేచి ఇంటిమీద పడేవి. కుట్టవు, కరవవు. అన్నంలో, పాలల్లో, నూనె రాసుకున్న తలలో, తెరిచిన పుస్తకంలో రాలేవి. పొద్దున్నే ఊడిస్తే చేటెడు పోగయ్యేవి.

మా వదినది తణుకు. నడిబొడ్డున సందులో, అటు షాపు ఇటు షాపు మధ్య పుట్టి పెరిగింది. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటి మనిషి ఒక సాయంత్రం పెరుగన్నం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుని వచ్చింది. వచ్చి, "ఏవండీ, కృతజ్ఞతా కూడిక అయ్యేదాకా ఉంటానండి. తర్వాత తణుకులో అద్దెకి ఇల్లు చూడండి. మీరు రోజూ రైల్లో వచ్చి వెళ్దురుగాని" అంది. కొత్త ఇల్లు ఇచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుని, సంఘానికీ బంధువులకీ భోజనం పెట్టే కూడిక అది. వానలు తెరిపివ్వగానే పెట్టుకుందామనుకున్నారు. అన్నయ్య మొహం చూడాలి, కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. వదిన అరిచి పోట్లాడి ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేవాడు. అంత మెత్తగా చెప్పేసరికి జేబులో ప్లాను కాగితం తడుముకుంటూ నిలబడ్డాడు. నేనప్పుడు ఏలూరులో బీఎడ్ చదువుతూ సెలవులకి అక్కడికి వెళ్ళాను. మర్నాడు పొద్దున్నే పెద్దమ్మకి ఫోను చేసింది నేనే.

పెద్దమ్మ ఆకివీడు స్టేషన్లో దిగడమే వేపమండల మోపుతో దిగింది. ఆ సాయంత్రం కుంపట్లో వేపాకూ వెల్లుల్లిపొట్టూ వేసి గదిగదికీ పొగ పెట్టింది. ఆహా, ఏం పొగ! మేమంతా బయటికి పరుగెత్తాం, పురుగులన్నీ లోపలికి పరుగెత్తాయి. పక్క చెరువు కాపలాదారు ఇల్లంటుకుందేమోనని బిందె పట్టుకుని వచ్చేశాడు. వదిన ఏడుస్తోందో, పొగకి కళ్ళు మండుతున్నాయో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెద్దమ్మ మాత్రం అరుగుమీద కూర్చుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, చీరమీద వాలిన ఒకదాన్ని భూతద్దంలో చూసింది. "నాదే తప్పు. దోమల వైద్యం వీటికి చేశాను. వీటికి మనిషి వాసనతో పనిలేదు, తిండితోనూ పనిలేదు. రెక్కలొచ్చాక బతికేదే రెండుమూడు పూటలు. జోడీ వెతుక్కుని, నీళ్ళమీద గుడ్లు పెట్టి పోతాయి. మరి మనింటికెందుకు వస్తున్నాయో?" అంది. అంత ఓడిపోయిన మనిషి మొహంలో అంత ఉత్సాహం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు చీకటి పడే వేళ పెద్దమ్మ ఇల్లంతా తిరుగుతూ సామాన్ల గది తలుపు తీసింది. లోపల బియ్యం బస్తాల మధ్య ముక్కాలి పీట వేసుకుని వదిన వెల్లుల్లి ఒలుస్తోంది. ఈ ఇరుకులో ఏం చేస్తున్నావమ్మా అని అడిగింది పెద్దమ్మ. "ఇక్కడికి రావు అత్తయ్యగారూ. అందుకని దీపాలు పెట్టే వేళకి ఇక్కడికొచ్చి కూర్చుంటాను" అంది వదిన. పెద్దమ్మ తలెత్తి చూసింది. ఇల్లంతా తెల్లటి ట్యూబులైట్లు బిగించిన కరెంటు మేస్త్రీ, ఈ గదికి ఎక్కడో మిగిలిపోయిన పసుపురంగు బల్బు తగిలించిపోయాడు. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదు తల్లీ అంటే, "ఎవరూ అడగలేదండి" అంది వదిన. నాకు సిగ్గేసింది. ఇంటినిండా మనుషులం, పురుగుల గురించి అంత చర్చ చేశాం గానీ, రోజూ ఆ వేళకి ఈ పిల్ల ఎటు పోతోందని ఒక్కళ్ళం అనుకోలేదు.

ఇక ఆ ఇద్దర్నీ పట్టేవాళ్ళు లేకపోయారు. పసుపు బల్బు తెచ్చి హాల్లో పెట్టారు, హాల్లో ట్యూబులైటు ఆర్పారు. స్విచ్చి వదిన చేతే వేయించింది పెద్దమ్మ. కాసేపటికి హాల్లో మిగిలిన పురుగుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయితే కథ అక్కడితో అవలేదు, చెరువులోంచి లేచినవి ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. "అవి పిలవని పేరంటానికి రావట్లేదు. తెల్లలైటు వేసి మనమే బొట్టుపెట్టి పిలుస్తున్నాం. ఆ పిలుపేదో చెరువు మీంచే పిలుద్దాం, అక్కడే విడిది ఇద్దాం" అంది పెద్దమ్మ. మా ఇళ్ళల్లో బొట్టు లేకపోయినా ఆ మాటలు మాత్రం ఉన్నాయి. అన్నయ్య కరెంటు మేస్త్రీని పిలిచి, గదులకీ అరుగుకీ పసుపు బల్బులు పెట్టించి, తడి తగలకుండా వైరు లాగించి, గట్టుమీంచి వెదురు గెడ వంచి, నీళ్ళమీదకి ఒక ట్యూబులైటు వేలాడదీయించాడు. ఆ సాయంత్రం పురుగులన్నీ దానికే ముసురుకున్నాయి. నీళ్ళమీద రాలేవి రాలుతుంటే బొచ్చె చేపలు గుండ్రంగా నోళ్ళు తెరుచుకుని పైకొచ్చాయి. మేత అమ్ముకునే అన్నయ్య తన చేపలు ఉచితంగా భోంచేస్తుంటే చూసి, వ్యాపారం మానేసినా బతకొచ్చన్నమాట అన్నాడు. అందరం నవ్వాం. వదిన కూడా నవ్వింది గానీ తణుకు మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. అక్కడ వాళ్ళమ్మగారు ఇల్లు చూసేశారు, కూడిక అవగానే తాళాలు తీసుకోవడమే మిగిలింది. అన్నయ్య ఆ ప్లాను కాగితాన్ని జేబులోంచి తీసి బీరువాలో పెట్టేశాడు.

కూడిక రోజు రానే వచ్చింది. పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. అన్నయ్య గాడిపొయ్యి దగ్గర బిర్యానీ చూసుకుంటున్నాడు. నేనూ పెద్దమ్మా వచ్చినవాళ్ళని కూర్చోబెడుతున్నాం. షామియానా వేసిన సప్లయి కంపెనీ ఆయనకి లైట్ల సంగతి చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆయన మనసున్న మనిషి, మా మీద అభిమానంతో స్తంభానికో ట్యూబులైటు కట్టి, నాలుగు మూలలా ఫోకస్ లైట్లు కూడా పెట్టాడు. పొద్దు వాలుతుండగా పాస్టరుగారు అందర్నీ కళ్ళు మూసుకోమన్నారు. పునాదినుంచి మొదలుపెట్టి, గోడలకీ గుమ్మాలకీ కిటికీలకీ పేరుపేరునా ప్రార్థన చేశారు. ఆయన ప్రార్థనలు నిడివికి పేరుపడ్డవి. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి పందిరి తెల్లగా లేదు. పాస్టరుగారి లాల్చీ మీద, బైబిలు మీద, పెద్దవాళ్ళ బట్టతలల మీద, మూత తీసి ఉన్న బిర్యానీ మీద, ఎక్కడ చూసినా అవే. పిల్లలు కేకలు, ఆడవాళ్ళు కొంగులు దులుపుకోవడం. వదిన వాళ్ళమ్మగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "నేను ముందే అన్నాను కదండీ వదినగారూ, ఇది మనుషులుండే చోటు కాదని" అన్నారు పెద్దమ్మతో. గరిటె పట్టుకుని నిలబడిపోయిన అన్నయ్య ఆ మాట విన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పెద్దమ్మ లేవబోయింది.

ఈలోపే వదిన లేచింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, నిండు పందిరి మధ్యనుంచి నడిచి లైట్లాయన దగ్గరికి వెళ్ళింది. "అన్నీ ఆపెయ్యండి" అంది. చీకటైపోద్దండి అన్నాడాయన. "అవ్వనివ్వండి" అంది. పందిరంతా ఒక్కసారిగా చీకటైంది. అందరూ నోళ్ళు మూసుకున్నారు, భయానికి కొందరు, పురుగులకి కొందరు. వదిన లోపలికెళ్ళి చెరువుమీద లైటు వేసింది. ఆ తర్వాత అరుగుమీద పసుపు బల్బులు వేసింది. కాసేపటికి చెంపల మీద రెక్కల తాకిడి పల్చబడింది. ఇంకాసేపటికి గట్టువైపు మబ్బు కట్టింది. చేపలు ఎగబడుతున్న చప్పుడుకి ముందు పిల్లలు పరుగెత్తారు, వెనక పెద్దవాళ్ళు, ఆ వెనక పాస్టరుగారు. ప్రభువు ఐదు రొట్టెలు రెండు చేపలతో వేలమందికి పెట్టిన సంగతి ఎన్నిసార్లు చెప్పానో గానీ చేపలకే విందు చెయ్యడం ఇదే చూడ్డమమ్మా అన్నారాయన. బిర్యానీ మీద పొర గరిటెతో తీసి ఆ విందులోకే పంపించాం. మిగతాది ఆ పసుపు వెలుగులో అందరూ మారడిగి తిన్నారు.

ఆ సందడిలో వాళ్ళమ్మగారు వదినని పక్కకి తీసుకెళ్ళారు. విస్తళ్ళు మోస్తూ నేను దగ్గర్లోనే ఉన్నాను. "ఇలా ఎన్నాళ్ళని లైట్లకి కాపలా కాస్తావే? తాళాలు రేపు తెమ్మంటాను" అన్నారావిడ. వదిన మెత్తగానే చెప్పింది. "మా ఇంటి లైట్ల సంగతి మాకు తెలుసమ్మా. ఆ తణుకు ఇల్లు వద్దని చెప్పెయ్" అంది. విస్తళ్ళు అక్కడే కిందపెట్టి అన్నయ్య దగ్గరికి పరుగెత్తాను. విన్నది విన్నట్టు వాడికి చెప్పాను. గాడిపొయ్యి పూర్తిగా ఆరిపోయాక కూడా పొగ కళ్ళలో పడిందంటూ కండువాతో తుడుచుకుంటూనే ఉన్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆ ఇంటికి పైన ఇంకో అంతస్తు లేచింది, కొబ్బరిచెట్లు దాన్నీ దాటి పెరిగాయి, వదినకి తల నెరిసింది. మీరు ఈ ఇంట్లోకి ఎప్పుడు వచ్చారని ఎవరైనా అడిగితే అన్నయ్య పాలు పొంగినంత సంబరంగా సామాన్లు దించిన రోజు చెబుతాడు. నేను ఆ లెక్క ఒప్పుకోను. ఇల్లు కట్టడానికి ఏళ్ళు పడతాయి గానీ, అది మనదవడానికి ఒక్కోసారి నిండు పందిట్లో లేచి దీపాలు ఆర్పమనేంత సేపు చాలు.