అన్‌ఫిట్ కాని తిమ్మప్ప

గురువమ్మ చదివిన చదువు పేరు కోలారు బంగారు గనుల కార్మికులుండే చాంపియన్ రీఫ్ లైను ఇండ్లలో ఎవరి నోటా తిన్నగా పలికేది కాదు. ఆక్యుపేషనల్ థెరపీ. వాళ్ళమ్మ మారమ్మ దాన్ని 'చేతుల డాక్టరు చదువు' అనేది. కుళాయి దగ్గర బిందె పెట్టి పక్కింటి సొన్నమ్మ ఒకనాడు అడిగింది.

"ఇంతకీ ఏం చేస్తాది మారమ్మా నీ కూతురు?"

"పక్షవాతం వచ్చినోళ్ళకి అన్నం కలుపుకునేది, గుండీలు పెట్టుకునేది, తల దువ్వుకునేది మళ్ళా నేర్పిస్తాది."

"దానికి కాలేజీ ఏలమ్మా? మా అత్తను పంపిస్తాను. మంచం మీద పడినోళ్ళ చేత కూడా పని చేపిస్తాది."

అందరితోపాటు మారమ్మా నవ్వింది. సొన్నమ్మ మాటలో తప్పేమీ లేదు. జబ్బు పడితే ఎముకను చూసేవాళ్ళున్నారు, గుండెను చూసేవాళ్ళున్నారు. ఈ మనిషి రేపు పొద్దున తన చెంబు తాను ఎత్తుకోగలడా అని అడిగే శాస్త్రం ఒకటి కావాలని లోకానికి ఆలస్యంగానే తోచింది. యుద్ధాల నుంచి చేతులు పోగొట్టుకుని తిరిగొచ్చిన సిపాయిలను చూశాక గాని ఆ చదువు ఊపందుకోలేదు. కోలారు గనుల్లో యుద్ధం జరగలేదు. అయినా ఏ లైనులో చూసినా గడప మీద కూర్చుని గసపోసే మగవాడు ఒకడుండేవాడు.

గురువమ్మ ఇంటి గడప మీద ఆ మగవాడు తిమ్మప్ప, ఆమె నాయన. వి.కోట పక్క పల్లె నుంచి వచ్చి, దొరల కంపెనీ పోయి గనులు సర్కారువి అయిన కొత్తలో పనిలో చేరాడు. ముప్పై ఏళ్ళు భూమి లోపల రాతికి బెజ్జాలు వేశాడు. ఆ రాతిపొడి కొంత ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. గనిలో పని తగ్గించి, వయసు రాకముందే రిటైరు చేసి పంపినప్పుడు కడ్డీలా నడుస్తూ వచ్చాడు. మూడేళ్ళలో గడపకు చేరాడు.

గురువమ్మ రాబర్ట్‌సన్‌పేటలో ఒక చిన్న ఆస్పత్రిలో పనిచేసేది. డిగ్రీ అయింది, పై చదువు కావాలి. బెంగుళూరులో ఒక కాలేజీకి రెండేళ్ళు వరసగా అప్లికేషన్ పెట్టింది, రెండుసార్లూ రాలేదు. ఇరవై ఎనిమిది నిండుతున్నాయి. ఇది మూడోసారి, ఇదే ఆఖరిసారి అని తనకు తాను చెప్పుకుంది. ఈసారి ఫారంతో పాటు ఒక రిపోర్టు అడిగారు: ఒక మనిషిని పన్నెండు వారాలు చూడాలి, ఆ మనిషి మళ్ళీ చేసుకోవాలనుకునే పని ఒకటి తీసుకోవాలి, వారం వారం ఏం జరిగిందో రాయాలి.

"నాయనా, నిన్నే రాస్తాను. ఏ పని మళ్ళా చేసుకోవాలనుంది నీకు?"

తిమ్మప్ప మారమ్మ వైపు చూడకుండా చెప్పాడు. "నా నీళ్ళు నేను పోసుకోవాల పాపా. మీయమ్మ పోస్తా ఉంటే నేను యాడ చూడాలో తెలీదు."

"సరే. నిజం చెప్తా ఉండాను నాయనా, ఈ రిపోర్టు మీదే నా సీటు ఉండాది."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో.

గనిలో పనిచేసేవాళ్ళకు కొన్నేళ్ళకోసారి డాక్టర్ల పరీక్ష ఉండేది. పాసైతే ఫిట్, లేకపోతే అన్‌ఫిట్. అన్‌ఫిట్ అని రాస్తే గని బయట పైపని ఇస్తారు, అంటే ఊడ్చేది, మోసేది. లోపలి మనిషికి అది చావుతో సమానం. అందుకని ఆ రోజు గంట ముందే పోయి చెట్టుకింద కదలకుండా కూర్చునేవాళ్ళు, ఊపిరి నిదానమయ్యేదాకా. మిరియం గింజ దవడన పెట్టుకుని దగ్గును అణిచేవాళ్ళు. మెట్లెక్కి పోయినాక ఆయాసం తెలియకుండా డాక్టరు ముందు ఏదో తమాషా మాట చెప్పి, అది సగంలో ఆపి, నవ్వినట్టు నవ్వి ఆ సందులో గాలి పీల్చుకునేవాళ్ళు. తిమ్మప్ప ఈ విద్యలో ఆరితేరినవాడు. చేతిలో పెన్ను, గడియారం పట్టుకున్న మనిషి ఎదురుగా నిలబడితే 'కష్టంగా ఉంది' అనకూడదని ఆయన ఒంటికే తెలుసు. ఆ మనిషి కన్నకూతురైనా అంతే.

గురువమ్మ పెరట్లో నీళ్ళు పోసుకునే రేకుల బచ్చలింట్లో ఎత్తు పీట వేయించింది. చెంబుకు బదులు తేలికపాటి మగ్గు పెట్టింది. రెండు మగ్గులు పోసుకుని ఆగడం, పెదవులు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలడం నేర్పింది. ఆపైన తలుపు మూసేవాళ్ళు. ఎదిగిన కూతురు, లోపల తండ్రి స్నానం చేస్తున్నాడు. తలుపు మూయక ఏం చేస్తారు? ఆమె బయట గడియారం పట్టుకుని నిలబడేది. ఆయన తువ్వాలు కప్పుకుని వచ్చాక అడిగేది.

"ఎన్నిసార్లు ఆగినావు?"

"ఒకటి."

"ఆయాసం? సున్నా అంటే లేదు, పది అంటే ఇంగ తట్టుకోలేను."

"రెండు వేసుకో. ఆ రెండు కూడా మీయమ్మ కాచిన నీళ్ళ వేడికి." అని నవ్వేవాడు. నవ్వు మధ్యలో ఆగేది. ఆమె రెండు అని రాసుకునేది.

ఆరో వారం నుంచి అంకెలు ఇంకా బాగుపడ్డాయి. స్నానానికి పట్టే పద్నాలుగు నిమిషాలు పదకొండయింది. గురువమ్మ ఆస్పత్రిలో ఈ మాట చెప్పుకుని పొంగిపోయింది. పన్నెండో వారం ముగిసినాక రిపోర్టు శుభ్రంగా టైపు చేయించి పోస్టులో వేసింది. నెల తిరక్కుండానే ఇంటర్వ్యూకు రమ్మని కాగితం వచ్చింది. ముందరి రెండేళ్ళూ అంతదాకా కూడా రాలేదు.

ఆ వారమే మాలూరులో మారమ్మ చెల్లెలు గుర్వాజమ్మకు కడుపులో ఆపరేషన్ అని కబురొచ్చింది. మారమ్మ కదల్లేదు.

"పోయి రామ్మా, మూడు రోజులే కదా. నాయన నీళ్ళు నాయనే పోసుకుంటా ఉండాడు. అన్నం నేను చూసుకుంటాను."

మారమ్మ మొగుడి వైపు చూసింది. "పో," అన్నాడు తిమ్మప్ప. "నేనేమన్నా పసిబిడ్డనా?"

మారమ్మ మాలూరు పోయిన మరునాడు పొద్దున గురువమ్మ బయట నిలబడి ఉంది. గడియారం కూడా తీసుకోలేదు, అవసరం తీరిపోయింది కదా. రెండు మగ్గుల చప్పుడు వినిపించింది. తర్వాత మగ్గు కింద పడింది. పిలిస్తే పలకలేదు. ఆమె తలుపు తోసుకుని లోపలికి పోయేసరికి పీట మీదినుంచి గోడకు ఒరిగి ఉన్నాడు, నోరు సున్నాలా చుట్టి. ఆస్పత్రికి చేర్చేలోపల పోయాడు.

పదకొండో రోజు కర్మ అయినాక మారమ్మ చెప్పింది. చెప్పేటప్పుడు కూతురి ముఖం చూడలేదు.

"ఒక్క దినం కూడా ఆయన పోసుకోలేదు పాపా. వెనక గోడ పక్క రేకు ఊడదీసి పెట్టినాడు. నువ్వు తలుపు కాడికొచ్చేలోపల నేను ఆ సందులో దూరేదాన్ని. చప్పుడు కాకుండా పోసేదాన్ని."

"ఏలమ్మా?"

"నువ్వే కదా అన్నావు, సీటు దానిమీదే ఉందని. 'నేను ఫెయిలైతే పాప ఫెయిలవుతాది, రెండుతూర్లు ఫెయిలయింది, ఇంగ నా వల్ల కాకూడదు' అన్నాడు."

గురువమ్మ పెట్టె తీసి, కాలేజీవాళ్ళు పంపిన కాగితాలు మళ్ళీ చదివింది. మూడో పేజీలో అడుగున ఉంది: రోగి బాగుపడ్డాడా లేదా అన్నది చూడము, ఉన్నది ఉన్నట్టు గమనించారా అన్నదే చూస్తాము. ఈ ముక్క తను ఇంగ్లీషులో చదివింది. తెలుగులో నాయనకు చెప్పాలని తోచలేదు.

"అమ్మా, ఏ వారం ఎట్లుండిందో నాకు చెప్పు. దిద్ది తీసుకుపోవాల."

మారమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తీసి అంది, "ముప్పై ఏండ్లు ఏ డాక్టరూ ఆయన్ను అన్‌ఫిట్ అని రాయలేదు. రాపించుకోలేదు ఆయన. ఇప్పుడు నువ్వు రాస్తావా?"

"రాయకపోతే, ఈ రిపోర్టు చూసి ఇంగొకరు ఇంగొకరి నాయనను ఒంటిగా వదిలిపెడతారమ్మా."

మారమ్మ లేచి వెళ్ళిపోయింది. పొయ్యి ముట్టించింది, రాగిపిండి జల్లించింది, సంగటి కెలికింది. గిన్నె దించినాక, అటు తిరిగే మొదలుపెట్టింది.

"మొదటి వారం రెండు మగ్గులకే కండ్లు తేలేసినాడు. రాసుకుంటా ఉండావా? మూడో వారం నా భుజం పట్టుకున్నాడు, గోరు దిగింది. ఆరో వారం పీటమీద కూసోలేక కింద కూసున్నాడు. నువ్వు బయటినుంచి 'అయిందా నాయనా' అంటే నేను వీపు తట్టేదాన్ని, అప్పుడు 'ఆఁ' అనేవాడు..."

పన్నెండు వారాలూ ఆమెకు గుర్తున్నాయి. ఒక్కటి కూడా వెనకాముందు కాలేదు.

మారికుప్పం నుంచి బెంగుళూరు పోయే రైలుబండిలో ఇంటర్వ్యూకు పోయింది గురువమ్మ. ముగ్గురు కూర్చున్నారు. పాత రిపోర్టు పక్కన కొత్తది పెట్టి, ఎందుకు రెండున్నాయో చెప్పింది. ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. మూడో ఆవిడ, తలనెరిసిన మేడం, రెండూ చివరిదాకా చదివి అడిగింది.

"రేపు ఇంకో ఇంట్లో ఇట్లాగే తలుపు మూసుకుంటారు. అప్పుడేం చేస్తావు?"

"బయటినుంచి మాట్లాడిస్తానే ఉంటాను మేడం. మాట యాడ తెగుతుందో అది రాసుకుంటాను. మా నాయన తమాషాలు చెప్తా మధ్యలో ఆపేవాడు. నేను నవ్వుతా ఉంటిని."

సీటు జూన్‌లో వచ్చింది, రెండో లిస్టులో. కాగితం పట్టుకుని ఆమె ఇంటికొచ్చేసరికి మారమ్మ గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. విన్నది. మరో నాలుగు గింజలు తీసింది.

"అయితే ఆ కాలేజీలో మీ నాయన పేరు పక్కన ఆ అన్‌ఫిట్ మాటే ఉండిపోయిందా?"

"ఉండిపోయిందమ్మా," అంది గురువమ్మ.