చెరిపేసిన ఉదయాలు

ఆ వీధిలో అందరూ అతన్ని నవ్వుల మాస్టరు అనేవారు. ఫొటో స్టూడియో అతనిది. ఎంత ఏడుపుగొట్టు పిల్లలనైనా కోడికూత కూసో, నెత్తిమీద బొమ్మ పెట్టుకునో నవ్వించేవాడు. పదహారేళ్లలో ఏడుస్తున్న బిడ్డ ఫొటో ఒక్కటి కూడా ఆ గడప దాటలేదు. ముప్పై తీసి, ఇరవై ఎనిమిది చెరిపేసి, రెండు ఉంచడం అతనికి మంచినీళ్లు తాగినంత సులువు. నిజం చెప్పాలంటే, అందుకు కొంచెం పొగరు కూడా ఉండేది.

అలాంటివాడి కూతురికి ఏడో నెలలో మూర్ఛ వచ్చింది. కిందపడి గిలగిల కొట్టుకునే మూర్ఛ కాదు. పొద్దున్నే నిద్ర లేవగానే పాప తల ముందుకు వాలేది, చేతులు రెండూ విచ్చుకునేవి. క్షణంలో మామూలయ్యేది, మళ్లీ వాలేది. అలా వరసగా ఇరవైసార్లు. పిల్లల డాక్టరమ్మ తలమీద తీగలు అతికించి మెదడు పరీక్ష చేయించి, స్టెరాయిడ్ సిరప్ రాసింది.

"ఇవి ఆగకపోతే పాప ఎదుగుదల ఆగిపోతుంది. నేర్చుకున్నవి కూడా మర్చిపోతుంది. మందు మీ అంతట మీరు ఆపకండి. రోజూ పొద్దున్నే వీడియో తీసి పంపండి. అది చూసే మోతాదు చెప్తాను" అంది.

వీడియో అనగానే అతని ప్రాణం కుదుటపడింది. తన చేతిలో పనే కదా! భార్య బేకరీలో పిండి కలపడానికి పెందలాడే వెళ్లిపోతుంది కాబట్టి పాప లేచేసరికి ఇంట్లో ఉండేది అతనొక్కడే.

మందు మొదలయ్యాక పాప ఒళ్లు ఉబ్బింది. బుగ్గలు బంతుల్లా అయ్యాయి. ఎన్ని పాలు పట్టినా ఆకలే, ముట్టుకుంటే చిరాకే. స్టూడియోకి వచ్చినవాళ్లు "ఎంత బొద్దుగా ఉందండీ!" అని మురిసిపోతుంటే, అది మందు వాపని చెప్పడానికి నోరు రాక "వాళ్లమ్మ పోలిక" అని నవ్వేసేవాడు. ఆ తర్వాత తనమీద తనకే రోత పుట్టేది.

మొదటి వారం ఉన్నది ఉన్నట్టే పంపాడు. రెండో వారంలో తల వాలడం తగ్గింది గానీ ఆగలేదు. ఒకరోజు తీసింది చూసుకుంటే వాలిన తల, పైకి తేలిన కళ్లు. తన బిడ్డేనా అనిపించింది. చూడలేక చెరిపేశాడు. పాప తేరుకున్నాక కిటికీ దగ్గర కూర్చోబెట్టి మళ్లీ తీసి, అది పంపాడు. మర్నాడూ అంతే. అబద్ధమాడుతున్నానని అనుకోలేదు మహానుభావుడు, బాగా వచ్చింది పంపుతున్నానని అనుకున్నాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు ఎనిమిది రోజులు గడిపేశాడు.

ఆ మర్నాడే మళ్లీ మెదడు పరీక్ష. కాగితాలు చూసి డాక్టరమ్మ ముఖం చిట్లించింది.

"వీడియోల్లో ఆగిపోయాయని మొన్ననే మోతాదు తగ్గించాను. ఇక్కడేమో ఏమీ కుదుటపడలేదే?"

ఆ వీడియోలు చూసి వారం రోజులుగా సంబరపడుతున్న భార్య బెదిరిపోయింది. "ఏమండీ, మూర్ఛలు ఒక్కటి కూడా రాలేదు కదా?"

అతనికి తల కొట్టేసినట్టయింది. కాళ్లకింద నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

"వచ్చాయి. రోజూ వచ్చాయి. నేనే చెరిపేశాను."

"ఎందుకు?"

"బాగా లేవని" అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక తలెత్తలేకపోయాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఎనిమిది రోజులు మనకి లెక్క కాదు. ఈ వయసు బిడ్డకి చాలా ఎక్కువ" అని, మరో మందు రాయడం మొదలుపెట్టింది.

మర్నాడు భార్య పనికి వెళ్లలేదు. పాప కదలగానే అతను ఫోను తీశాడు. ఆమె వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"మీరొద్దు. పాపని పట్టుకోండి."

పాప తల వాలింది. అతను ఆ మొహాన్ని గుండెకేసి తిప్పుకోబోయాడు.

"తిప్పకండి" అంది. "పైకి లెక్కపెట్టండి."

ఒకటి అన్నాడు. రెండు అన్నాడు. పదకొండు దగ్గర ఆగాడు. ఆమె ఫోను దించలేదు. పద్నాలుగు దాకా లెక్కపెట్టాడు. ఆమె ఆ వీడియోని చూడకుండానే డాక్టరమ్మకి పంపేసి, ఫోను తన దగ్గరే ఉంచుకుంది.