కాళ్ల మీద నిలబడ్డ ఇంటికి గోడ

పాపకోసం నేల మీద పెట్టిన పాలగ్లాసు దానంతటదే బెత్తెడు దూరం జరిగింది. "అమ్మా, గ్లాసు నడుస్తోంది!" అని మా పెద్దది పకపకా నవ్వింది. నా అరికాళ్ల కింద చెక్కలు కూడా కదిలాయి.

మాది దివిసీమలో కరకట్టకు నది వైపున ఉన్న లంక. వరదొస్తే నీళ్లు మా ఇంటి కింద నుంచే పోయేవి. మావయ్యగారి తాత మలయా రబ్బరు తోటల్లో పనిచేసి తిరిగొచ్చి, అక్కడి ఏటి ఒడ్డున చూసిన ఇళ్లలాంటిదే ఇక్కడా కట్టుకున్నారట. ఛాతీ ఎత్తు తాడి స్తంభాలు, వాటిని పాతకుండా రాళ్ల మీద నిలబెట్టడం, గాలికోసం నేల చెక్కల మధ్య వేలెడు సందులు. "మీ ఇల్లు కొంగండీ, ఎప్పుడో ఎగిరిపోద్ది" అని ఊళ్లో ఎగతాళి. అది పడలేక అత్తయ్యగారు పోయిన వేసవిలో స్తంభాలను కలుపుతూ చుట్టూ ఇటుక గోడ కట్టించారు. సందులు కనబడకుండా ప్లాస్టిక్ షీటు పరిపించారు.

షీటు లాగి సందులోంచి చూశాను. బయట వరద నడుం దాకా వచ్చినా, గోడల లోపల మోకాలి లోతు నీళ్లే. నది వైపు గోడ మాత్రం కడుపులా లోపలికి ఉబ్బి ఉంది. దానితోపాటు మూల స్తంభం రాయి అంచుదాకా జరిగింది. మా ఆయన బందరులో ఉన్నారు. కరకట్ట మీదకు వెళ్లే దారి అప్పటికే మునిగిపోయింది. ఇద్దరు పిల్లలు ఆ చెక్కల మీదే ఆడుకుంటున్నారు.

"మావయ్యగారూ!" అన్న నా కేక నాకే కొత్తగా వినిపించింది.

ఆయన ఒక్కసారి వంగి చూసి గునపం అందుకున్నారు.

"ఏవండీ, కొత్త గోడండీ!" అన్నారు అత్తయ్యగారు.

"గోడ కావాలా, మనవలు కావాలా నీకు?"

 అత్తయ్యగారే తాడు తెచ్చి ఆయన నడుముకు కట్టారు. రెండో కొస మేమిద్దరం పట్టుకున్నాం. ఆయన నడుం లోతు నీళ్లలో దిగి, నీళ్లు బయటికి పోయేలా మొదట దిగువ వైపు గోడ పగలగొట్టారు. తర్వాత పైకొచ్చి వసారా అంచు నుంచి నది వైపు గోడను గునపంతో పొడిచారు. గోడ ఒక్కసారిగా కూలింది. ఇల్లంతా కిర్రుమంది. నీళ్లు మా కింద నుంచి హోరున పోయాయి. గ్లాసు మళ్లీ కదల్లేదు.  మేం డబ్బు పెట్టి, మేస్త్రీకి మజ్జిగ ఇచ్చి మరీ కట్టించుకున్న గోడ అది.

పొద్దున్నే పిల్లలు చెక్కల సందుల్లోంచి తొంగి చూస్తున్నారు.

"నీళ్లు మళ్లీ వస్తాయా?" అనడిగింది పెద్దది.

"వస్తాయి. మన కింద నుంచి వెళ్లిపోతాయి. అందుకే కింద మనం ఏమీ కట్టం. ఎవరైనా కొంగ ఇల్లంటే, అవునండీ అనండి" అన్నాను.