ఇంట్లో ఎంతమంది?

ఈ సాయంత్రం సింగపూర్ బుకిట్ పంజాంగ్‌లో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ కింద అప్పలసామి అంకుల్ ఫోన్ చేతికిచ్చి, "చదివి చెప్పు బాబూ" అన్నారు. కరోనా వల్ల ఎవరికెంత కష్టమో అడిగే సర్వే. రోజూ సరిహద్దు దాటి మలేసియాలోని జొహోర్ నుంచి పనికొచ్చి వెళ్లే మనిషి, సరిహద్దు మూశాక ఏడాదిగా ఇక్కడే అద్దెగదిలో ఉంటున్నారు.

ఇంట్లో ఎంతమందన్న చోట ఆయనే 'ఒకటి' నొక్కారు. వెంటనే సర్వే అయిపోయింది.

"పెళ్లాం పిల్లల గురించి అడగలే లా?" అక్కడి అలవాటుగా చివర 'లా' తగిలించి అడిగారు.

"ఒక్కరే ఉంటే అడగదు అంకుల్."

"నేను ఒక్కణ్ణి ఎట్టా అయితా?"

వెనక్కి వెళ్లి దిద్దుదామంటే కుదరలేదు. ఒంటరివాళ్లను కుటుంబం గురించి అడిగి విసిగించకూడదని ఈ సర్వే తయారుచేసేటప్పుడు ఆ షరతు రాసింది నేనే. ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా.

ఆయనకేం చెప్పాలో మీలో ఎవరికైనా తోస్తే చెప్పండి. రేపూ అక్కడే కనిపిస్తారు.