పిట్టలకు చల్లిన నూకలు

మా అపార్ట్‌మెంట్ కింద కొత్తగా పిండిమర పెట్టారు. పొద్దున్నే కిటికీ తీస్తే బియ్యప్పిండి వాసన వెచ్చగా పైదాకా వస్తోంది. ఎవరికైనా అప్పాలు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం శారదాంబ టీచర్ గదిలో బోర్లించిన గంప గుర్తొస్తుంది.

డెబ్బైల మొదట్లో ఈ రాయదుర్గం నగరానికి దూరంగా, బండల మధ్య చిన్న ఊరు. భర్త పోయాక టీచర్ కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి, కొడుకు చంటితో మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేవారు. నాకు పదో తరగతి పాఠాలు చెబుతూ చెబుతూ ఆత్మ దాకా వెళ్లిపోయేవారు. దేహం పోయినా అది ఉంటుందని వేదాంతులు, నిలిచి ఉండేదేదీ లేదని బౌద్ధులు, బూడిదే ఆఖరని చార్వాకులు. వింటున్న మా నాయనమ్మ, "సదవేస్తే ఉన్న మతి పోయిందట" అని నవ్వేది.

"మరి మీరేమంటారు టీచర్?" అని అడిగాను ఒకసారి.

"నేను చూడలేదమ్మా. చూసింది చూశానని చెప్పు, చూడనిది చూడలేదని చెప్పు. అంతకు మించి చదువు లేదు."

ఆ వానాకాలం చంటికి జ్వరం వచ్చింది. దవాఖానకు బండి కట్టేలోపే ఇంట్లోనే పోయాడు. ఊరి పద్ధతి ప్రకారం నాయనమ్మ ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన పిండి పరిచి, గంప బోర్లించింది. తెల్లారి పిండిలో ఏ గుర్తు పడితే పోయినవాళ్లు ఆ జన్మ ఎత్తినట్టు. టీచర్ వద్దనలేదు. అందుకే నాకు భయమేసింది.

పొద్దున నాయనమ్మ, "జర వచ్చి చూడు పంతులమ్మా" అంది.

"నావల్ల కాదండి" అని ఆమె గోడవైపు తిరిగారు. "నువ్వు చూడమ్మా" అన్నారు నాతో.

నాయనమ్మ గంప ఎత్తి వంగి చూసింది. "పిట్ట కాలు, బిడ్డా. నీ కొడుకు పిట్టయి ఎగిరిండు. ఇగ ఫికర్ చెయ్యకు" అంది. నాకైతే పిండి పరిచింది పరిచినట్టే కనిపించింది. ఆ మాట అనకుండానే బయటికి వచ్చేశాను.

మర్నాటి నుంచి టీచర్ వాకిట్లో నూకలు చల్లి, పిచ్చుకలు తిని ఎగిరిపోయేదాకా అరుగు మీద కూర్చునేవారు. వాటితో ఏదో మాట్లాడేవారు కూడా. ఇంత చదువుకున్న మనిషికి ఇదేమిటని నాకు కోపం వచ్చేది, ఆ వెంటే ఏడుపు వచ్చేది.

నా పరీక్షలు అయిపోయిన రోజు పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. "నువ్వూ చూశావుగా. పిట్ట కాలేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె నేర్పిన చదువే అడ్డం పడింది. "నేను చూడలేదు టీచర్. పిండి ఉన్నది ఉన్నట్టే ఉంది."

ఆమె నా తల నిమిరారు. "నువ్వు చెబితే నమ్ముతాను" అన్నారు.

మర్నాడు మళ్లీ నూకలు తీసుకుని వాకిట్లోకి వచ్చారు. నేను అలాగే చూస్తుంటే, "ఆకలి పిట్టలది కదమ్మా" అన్నారు. కానీ కూర్చోలేదు. చల్లేసి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. బదిలీ అయి వెళ్లేదాకా అంతే.

ఆత్మ ఉందో లేదో ఈ వయసుకూ నాకు తెలియదు. ఎవరడిగినా చూడలేదనే చెబుతాను. ఈ టవర్ల మధ్య పిచ్చుకలు కనబడటం మానేశాయి, వచ్చేవి పావురాలే. బాల్కనీలో వాటికే నూకలు వేస్తాను. అవి తిని ఎగిరిపోయేదాకా, టీచర్ బదులు నేను కూర్చుంటాను.