మైకు ముందు మా అక్క

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ నుంచి నాంపల్లి మెట్రో దాకా మెల్లగా నడిచి వస్తుంటే, ఒకమ్మాయి నా మోకాళ్ళ అవస్థ చూసి ఎదురొచ్చి, స్వస్థత కూటాల కరపత్రం ఒకటి చేతిలో పెట్టి, "నమ్మకంతో రాండి ఆంటీ, ఉరుక్కుంటూ ఇంటికి పోతరు" అంది. పాపం, ప్రేమగానే అంది. కానీ అప్పటినుంచి నాకు కుదురు లేదు. పెట్టుకున్న టీ తాగడం మరిచిపోతున్నాను, బైబిలు తెరిచి ఒకే వచనం దగ్గర ఆగిపోతున్నాను. నా ఈడు వాళ్ళకి ఆనాటి కూటాల సందడి గుర్తుండే ఉంటుంది.

నాంపల్లి స్టేషను వెనక రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మ, అక్క, నేను ఉండేవాళ్ళం. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ గుంటూరు వైపు మనిషి, బళ్ళో పంతులమ్మ, ప్రార్థనకి జవాబు రాకపోవడమనేది ఆవిడ లెక్కలో లేదు. నాకంటే నాలుగేళ్ళు పెద్దదైన అక్క టైపు నేర్చుకుని గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో చేరింది. ఏడాది తిరక్కుండానే కీళ్ళవాతం పట్టుకుంది. ముందు వేళ్ళు వాచాయి, తర్వాత మోకాళ్ళు. ఇరవై రెండేళ్ళ పిల్లకి జడ కూడా అమ్మే వెయ్యాల్సి వచ్చేది. దవాఖానలు తిరిగాం, ఉపవాసాలున్నాం, నూనె రాసి ప్రార్థించే వాళ్ళందరి దగ్గరికీ వెళ్ళాం. అక్క మాత్రం నొప్పి మరీ ఎక్కువైనప్పుడు గోడ వైపు తిరిగి, దేవుడితో పోట్లాడుతున్నట్టు ఏదో గొణుక్కునేది, ఆ తర్వాత మామూలుగా కూరగాయల గురించి మాట్లాడేది.

ఆ ఎండాకాలం మా ఇంటికి దగ్గర్లోనే ఒక మైదానంలో పెద్ద కూటాలు జరిగాయి. పక్కింటి ఆంటీ ముందుండి మమ్మల్ని తీసుకెళ్ళింది. ప్రార్థన ముగియగానే వాలంటీర్లు వచ్చి అక్కని లేపి నిలబెట్టారు. నేనొకవైపు, వాళ్ళొకవైపు పట్టుకుంటే నాలుగడుగులు వేసింది, అంతే, చప్పట్లు మోగిపోయాయి, మమ్మల్ని అలాగే వేదిక మీదికి ఎక్కించేశారు. కింద అమ్మ చేతులెత్తి ఏడుస్తోంది. అక్క బరువంతా నా భుజం మీదే ఉంది, ఆ నొప్పికి దాని ఒళ్ళు వణుకుతోందని నాకొక్కదానికే తెలుసు. అయినా నేనేం చేశానో తెలుసా? "తగ్గిందని చెప్పెయ్యక్కా, అమ్మ చూస్తోంది" అని చెవిలో అన్నాను.

అక్క మైకులో అంది: "నాకు తగ్గలేదండీ. పట్టుకున్నారు గనక నిలబడ్డాను. తగ్గకపోయినా ప్రభువు నా దేవుడే. ఆయన పేరు మీద అబద్ధం చెప్పలేను."

మైకు చటుక్కున వేరే వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. ఇల్లు చేరాక అమ్మ, "అంతమందిలో నా పరువు తీశావు, దేవుడి పరువూ తీశావు" అంది. తర్వాత దాదాపు నెలరోజులు అమ్మ అన్నం కలిపి పెట్టింది, జడ వేసింది, మందులిచ్చింది గానీ పెదవి విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. విశ్వాసం చాలకే బాగుపడలేదని సంఘంలో చెవులు కొరుక్కున్నారు. నాకు అక్క మీదా కోపమే, దేవుడి మీదా కోపమే, అన్నిటికంటే నా మీద నాకే అసహ్యం. గుడికి వెళ్ళడం మానేసి, ఆదివారాలు కోఠీలో పాత పుస్తకాల మధ్య ఊరికే తిరిగేదాన్ని.

ఒక సాయంత్రం పక్కింటి ఆంటీ వచ్చి అక్క మంచం పక్కన కూలబడింది. వాళ్ళాయనకి కడుపులో పుండు ముదిరిపోయిందట, డాక్టర్లు చేతులెత్తేశారట. "అందరు ధైర్యంగుండు, నమ్ము అంటున్రు బిడ్డా. నాకు భయమైతుంది. గీ మాట ఎవ్వరికి చెప్పాలె? గా రోజు నువ్వు అబద్ధం చెప్పుంటే, ఇయ్యాల నీ తాన కూసుందునా?" అంటూ భోరుమంది. అక్క తన వంకర వేళ్ళతో ఆవిడ చెయ్యి పట్టుకుని, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, తనూ ఏడ్చింది. గడప దగ్గర నిలబడి అమ్మ అంతా వింది.

ఆ ఆదివారం పొద్దున అమ్మ అక్క కాళ్ళ దగ్గర కూర్చుని, చెప్పులు తొడుగుతూ, తలెత్తకుండా, "లే అమ్మా, గుడికి ఆలస్యమవుతోంది" అంది. నేనూ వెనకాల నడిచాను.

అక్క మరో పద్నాలుగేళ్ళు బతికింది. నొప్పి ఒక్కరోజూ వదల్లేదు. మా గదికి మాత్రం ఎవరో ఒకరు వస్తూనే ఉండేవారు. అక్క ముందు బాగున్నట్టు నటించనక్కర్లేదని వాళ్ళకి తెలుసు. ఆ రోజు చెవిలో చెప్పిన మాటకి నన్ను క్షమించమని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను, అడగనే లేదు.

ఇప్పుడు మా గుడిలో ఏసీలొచ్చాయి, పాటలకి పెద్ద తెరలొచ్చాయి, మాలాంటి వాళ్ళు ఎక్కడానికి వాలుగా దారి కట్టారు, అన్నీ సౌకర్యమే. ఆరాధన అయ్యాక ఎలా ఉన్నారని అందరూ అడుగుతారు, దేవుని కృపవల్ల బాగున్నానని అందరికీ చెప్తాను, వాళ్ళూ అదే చెప్తారు. ఒకరి ముఖంలోకి ఒకరం సరిగ్గా చూసుకోకుండానే ఎవరి దారిన వాళ్ళం ఇళ్ళకి వెళ్ళిపోతాం.