జీపులో ముందు సీటు

మా బావ తాగి జీపు జోరుగా నడపకుండా ఆపడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఆయన పక్కన ముందు సీట్లో ఒక చిన్నపిల్లను కూర్చోబెట్టేవారు.

బావ అంటే నా భర్తకు అన్న. జనగామలో మా అత్తగారిది పెద్ద ఇల్లు. చిల్పూరు వైపు భూములు, బజారులో ధాన్యం వ్యాపారం, బియ్యం మిల్లు, ఇంటి ముందు ఆకుపచ్చ జీపు. భూములూ ఊళ్ల పంచాయితీలూ బావ చూసుకునేవాడు. నా భర్తకు భూపాలపల్లిలో సర్కారు ఉద్యోగం. శనివారం వచ్చి సోమవారం పొద్దున బస్సుకు వెళ్లిపోయేవాడు. నేను మహబూబాబాద్ పిల్లను, మేం మానుకోట అంటాం. హనుమకొండలో డిగ్రీ చదివి ఈ ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను.

బావ తాగుతాడని ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. మా అత్త దృష్టిలో తాగుడు అంటే సారా. కల్లు తాగుడు కిందికి రాదు. కల్లు తాగి వచ్చిన మనిషిని 'కల్లుకు పోయొచ్చిండు' అనేవారు, గుడికి పోయొచ్చినట్టు. బావ పొద్దున ఈతకల్లుకు పోయేవాడు, మధ్యాహ్నం తాటికల్లుకు పోయేవాడు. పంచాయితీ చెప్పిన ఊళ్లో రెండు పక్షాల వాళ్లూ సీసాలు తెచ్చి పెడితే ఆ సీసా కూడా ఇంటికొచ్చేసరికి కల్లు అయ్యేది.

పద్ధతి కనిపెట్టింది మా అత్త. పెద్ద మనవడు పక్కన ఉన్నప్పుడు కొడుకు జీపు మెల్లగా పోనివ్వడం ఆమె చూసింది. అది నిజమే. బావకు పిల్లలంటే ప్రేమ. గుంత వస్తే చాలు, ఎడమ చేయి చాపి పిల్లవాడి రొమ్ముకు అడ్డం పెట్టేవాడు. అంటే తాగిన మనిషికి స్టీరింగు మీద మిగిలింది ఒక్క చేయి. ఆ సంగతి మా అత్తకు పట్టలేదు. పిల్లవాడు ఉన్న రోజున జీపు ఎవరినీ గుద్దకుండా వచ్చింది, అంతే చాలు.

ఆ పిల్లవాడు పెరిగి హైదరాబాదు హాస్టలుకు పోయాడు. ముందు సీటు ఖాళీ అయింది. అప్పటికి నా బిడ్డకు మాటలు బాగా వచ్చాయి, నడక గట్టిపడింది. ఒకరోజు పొద్దున మా తోటికోడలు, బావ భార్య, నా బిడ్డకు తల దువ్వి, రిబ్బన్లు కట్టి, ఎత్తుకుని వాకిట్లోకి పోతోంది. ఎక్కడికక్కా అని అడిగాను.

"మీ బావ ఊరికి పోతున్నడు. తోలుకపోతడు."

"తాగున్నడు గదక్కా."

ఆమె ఆగి నా వైపు చూసింది. కోపం లేదు, జాలీ లేదు.

"నా కొడుకు కూసున్నన్ని దినాలు కూసున్నడు. నేను ఒక్కనాడు అడిగిన్నా? ఇగ నీ బిడ్డ వంతు."

ఇంట్లో నీళ్లు తోడడానికి వంతులుండేవి, పొయ్యి అలకడానికి వంతులుండేవి. ఇదీ అట్లాంటిదే అన్నట్టు చెప్పింది. ఆ సాయంత్రం జీపు వచ్చేదాకా నేను వాకిట్లో ఊడ్చిన చోటే ఊడుస్తున్నాను. బిడ్డ జొన్నకంకి పట్టుకుని నవ్వుతూ దిగింది.

శనివారం నా భర్త రాగానే చెప్పాను. ఆయన చొక్కా విప్పి కొంకికి తగిలించి, అన్న తనను చదివించాడనీ, అన్నకు బుద్ధి చెప్పేంత మనిషిని కాననీ అన్నాడు. "పిల్లకేం కాలే గదా" అని కూడా అన్నాడు. ఏదైనా అయ్యాక చెప్పమని దాని అర్థం.

ఇక మిగిలింది పోలీసులు. పోలీసులంటే బావకు భయం లేదు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేను బడికి పోయే పిల్లను, బడులు మూసేస్తే ఇంట్లో అష్టాచెమ్మ ఆడుకున్నాం. బావ అప్పటికే కాలేజీ. రోడ్డు మీద టైర్లు కాల్చి, బస్సులు ఆపి, వీపు పగిలేటట్టు దెబ్బలు తిన్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. ఊళ్లో అందరూ ఆ మచ్చ చూశారు. ఆ మచ్చే ఆయన లైసెన్సు.

రైలుగేటు దగ్గర ఒక పోలీసు జమేదారు ఉండేవాడు. తాగి బండి నడిపేవాళ్లను పట్టడంలో అతనికి పేరు. డ్రైవరు నోటి ముందు అరచేయి పెట్టి 'ఊదు' అనేవాడు. ఆ అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేవాడు. వాసన వస్తే బండి తాళంచెవి గుంజుకుని, సుతిలి తాడుతో ఆ డ్రైవరు మెడకే కట్టి, గేటు పక్కన ఎండలో కూర్చోబెట్టేవాడు. వచ్చేపోయేవాళ్లు ఆగి, కిరాయికి వస్తవా అని అడగాలి. అతను తలెత్తి రాను అని జవాబు చెప్పాలి. చెప్పకపోతే తన్నులు.

చిల్పూరు గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి పోయి వస్తున్నప్పుడు నేను దాన్ని కళ్లారా చూశాను. ఆడవాళ్లం వెనక, నా బిడ్డ ముందు. బావ గుట్ట కింద కల్లుకు పోయొచ్చాడు, జీపంతా అదే వాసన. గేటు పడి ఉంది. పక్కన మట్టిలో ఒక ట్రాక్టరు డ్రైవరు, నెరిసిన గడ్డం మనిషి, మెడలో తాళంచెవి వేలాడుతూ కూర్చున్నాడు. బావ తల బయటపెట్టి, "ఏం పెద్దమనిషీ, కిరాయికి వస్తవా?" అన్నాడు. అతను రానన్నాడు. గేటు దగ్గర ఉన్నవాళ్లంతా నవ్వారు. నా బిడ్డ కూడా చప్పట్లు కొట్టి నవ్వింది. జమేదారు వచ్చి జీపు మీద చేయి వేశాడు. నేను కొంగు కింద దేవుడికి మొక్కాను, ఈయన్ని ఒక్కసారి ఊదించు అని. జమేదారు వంగి లోపలికి చూశాడు. ముందు సీట్లో గుండు చేయించుకుని, గంధం పూసుకుని ఉన్న నా బిడ్డ కనబడింది.

"పాప ఉన్నది, మెల్లగ పోండ్రి పటేలా" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నా బిడ్డ బ్రేకు మాత్రమే కాదు, గేటు చీటీ కూడా అని. పక్కన బిడ్డను పెట్టుకున్న మనిషి తాగి ఉంటాడని ఎవరూ అనుకోరు. పైగా మా వైపు అందరి నోటా కల్లు వాసనే; వాసన చూసి పట్టాలంటే ఎవరూ దొరకరు, లేదా అందరూ దొరుకుతారు. ఆ జమేదారు అరచేతికి తన నోటి వాసన ఎంత అంటేదో ఎవరు చూశారు?

తర్వాత ఒకరోజు బావ మళ్లీ బయల్దేరుతుంటే నేను మా గది గుమ్మానికి వేపమండలు కట్టి, బిడ్డకు అమ్మవారు పోసిందని చెప్పాను. అమ్మవారు పోసిన పిల్లను ఎవరూ బయటికి తీయరు, గదిలోకి తొంగి కూడా చూడరు. మా అత్త గుమ్మం బయటే నిలబడి దండం పెట్టి పోయింది. బావ ఒక్కడే పోయాడు.

పొద్దుగూకే వేళకు జీపు వచ్చింది. ముందు జాలీలో పచ్చగడ్డి ఇరుక్కుని ఉంది. మలుపు దగ్గర ఒకామె గడ్డిమోపు ఎత్తుకుని పొలం నుంచి వస్తోందట. ఆమె అక్కడికక్కడే పోయింది. ఆమె పేరు ఇంట్లో ఎవరూ అడగలేదు. బావ లోపలికి పోయి పడుకున్నాడు. మా అత్త జాలీలో గడ్డి పోచపోచా పీకి, చేతిలో ఉన్నదాన్ని పారేయడానికి మనసొప్పక, కొట్టంలో బర్రెకు వేసింది. బర్రె తిన్నది.

తర్వాత మా జీతగాణ్ణి పిలిపించారు. మా ట్రాక్టరు నడిపేది అతనే. ఇంట్లో అన్నం తింటున్నవాడు చేయి కడుక్కుని వచ్చాడు. జీపు నడిపింది నువ్వని చెప్పాలన్నారు. అతను సరే అన్నాడు. జమేదారు వచ్చి అతని నోటి ముందు అరచేయి పెట్టాడు. పని దిగిన ఏ మనిషికైనా ఆ వేళకు కల్లు వాసన వస్తుంది, అతనికీ వచ్చింది. తాగి బండి నడిపినవాడు దొరికాడు. ఠాణాకు నడిపించుకుపోయారు.

మర్నాడు మా అత్త వేపమండలు పక్కకు తోసి గదిలోకి వచ్చింది. బిడ్డ గౌను ఎత్తి వీపు చూసింది, కడుపు చూసింది, చంకలు చూసింది. ఎక్కడా ఒక్క పొక్కు లేదు.

"అమ్మవారి మీద అబద్ధమాడినవ్" అన్నది. "పిల్ల కూసుంటే వాడు మెల్లగ వస్తుండె. గా ఆడిమనిషి బతుకుతుండె. వాడు సంపలే, నువ్వు సంపినవ్."

తోటికోడలు గుమ్మంలో నిలబడి ఉంది. కాదని ఆమె అనలేదు. ఆదివారం నా భర్త కూడా అదే మాటను మెత్తగా అన్నాడు, ఒక్కనాటికి పంపితే పోయేదేముండె అని. నేను ఒప్పుకోలేదు. ఇది రాస్తున్న ఈ రాత్రి కూడా, పక్కన బిడ్డ పడుకుని ఉండగా, ఒప్పుకోను. కానీ ఒక ఇంటి మనుషులందరూ ఒకే మాట అంటుంటే, కాదనే మనిషికి పిచ్చి అంటారు. కొన్నాళ్లు నన్ను అట్లాగే చూశారు.

ఎండలు ముదిరే ముందు, పాపం పోవడానికి బావ కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి రావాలని మా అత్త తీర్మానించింది. ఆ రోజు పొద్దున్నే బావ కల్లుకు పోయొచ్చాడు. మా అత్త నా బిడ్డకు తలంటి, కొత్త గౌను తొడిగింది. ఈసారి అబద్ధానికి తావు లేదు.

మా ఇంట్లో మరదలు బావ ఎదుట నిలబడదు. ఆయన వస్తే నేను తలుపు చాటుకు పోవాలి. ఆయన నాకేదైనా చెప్పాలంటే వాళ్లమ్మకు చెప్పేవాడు, ఆమె లేకపోతే గోడకు చెప్పేవాడు. పెండ్లయిన నాటి నుంచి నేను ఆయన ముఖం సరిగ్గా చూడలేదు, ఆయన నాది చూడలేదు. వాకిట్లో నిలబడి బిడ్డను అందుకుంటుంటే నాకు ఆ సంగతే తోచింది. బిడ్డను తోటికోడలి చంకకెక్కించి, నేను పోయి జీపు ముందు సీట్లో కూర్చున్నాను.

వాకిలి ఊడ్చే ఆమె చీపురు ఆగిపోయింది. బావ స్టీరింగు దాకా వచ్చి నన్ను చూసి వెనక్కి తిరిగాడు.

"అమ్మా, దాన్ని దిగుమను."

"అత్తా, బావను కూసొమ్మనుండ్రి" అన్నాను. "మెల్లగ పోవుటానికి పక్కకు ఒకలు కావాలె గదా. నేను కూసుంట."

"సిగ్గుందా నీకు?" అన్నది మా అత్త. "బావ పక్కకు కూసుంటవా? భుజం భుజం తగులుతది."

"నా బిడ్డ తల పగులుతది గద."

ఎదురింటి మేడ మీదికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. బావ చెవులు ఎర్రబడ్డాయి. లాఠీలకు బెదరని మనిషి, మరదలు పక్కన కూర్చోవడానికి బెదిరాడు. తాళంచెవి బానెట్ మీద పడేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా, బస్టాండు వైపు నడుచుకుంటూ పోయాడు. కాళేశ్వరం బస్సులో పోయాడు. తాగినవాణ్ణి ఆపడం మనుషుల చేతిలో లేదని అప్పటిదాకా అనుకున్నాను. సిగ్గు అనేది ఉంటే ఆపవచ్చు. ఆ సిగ్గు ఆయనకు మనిషిని చంపినందుకు రాలేదు.

వారం తిరగకుండా జనగామ అంతా పాకింది. నూనె దుకాణంలో ఒకావిడ, జీపులో షికారు బాగైందా అని అడిగింది. నా భర్త శనివారం వచ్చి ఒక్కటే అడిగాడు, భుజం తగిలిందా అని. ఆయన ఎక్కనే లేదు కదా అన్నాను. నమ్మలేదు. పక్క వేరే వేసుకున్నాడు. మానుకోట నుంచి మా నాయిన వచ్చి, గడప దాటకుండా నీళ్లు తాగి, తలవంపులు తెచ్చినవు బిడ్డా అని పోయాడు. వీటన్నిటికీ నేను ముందే సిద్ధపడ్డాను. నా బిడ్డ మళ్లీ ఆ సీట్లో కూర్చోలేదు.

మా అత్త మాత్రం పద్ధతి మార్చలేదు. జీపును నాకు అందకుండా తీసుకుపోయి మా బియ్యం మిల్లు దగ్గర పెట్టించింది. ఠాణాకు పోయిన జీతగాడికి ఒక ఆడపిల్ల ఉంది, నా బిడ్డ కంటే కొంచెం చిన్నది. ఇప్పుడు ఆ పిల్లను కూర్చోబెడుతున్నారు. నా బిడ్డకు పొట్టి అయిన గౌను ఆ పిల్లకు తొడిగారు.

ఆ పిల్ల తల్లి మా ఇంట్లో బియ్యం చెరగడానికి వస్తుంది. ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి, ఆ సీటు దేనికో చెప్పాను. బ్రేకు సంగతి, గేటు సంగతి, గడ్డిమోపు ఆమె సంగతి అన్నీ చెప్పాను. ఆమె చాట ఆపకుండా విన్నది.

"ఎరికేనమ్మా" అన్నది. "మా ఆయన జైల్ల ఉన్నడు. పిల్లను పంపకుంటే నాకు బువ్వెవలు పెడ్తరు? నువ్వు పెడ్తవా?"

నా చేతిలో ఏమీ లేదని ఆమెకు తెలుసు. నేను పోయి ఆ పిల్ల స్థానంలో కూర్చోవచ్చు. రెండుసార్లు మిల్లు దాకా నడిచాను. జీపు అప్పటికే పోయింది. మూడోసారి మా అత్త వాకిలి తలుపుకు బయటినుంచి గొళ్లెం పెట్టించింది. ఆ తర్వాత నేను తలుపు లాగి చూడలేదు.

నిన్న సాయంత్రం జీపు మా ఇంటి ముందు నుంచి పోయింది. మెల్లగా పోయింది, గుంత దగ్గర ఇంకా మెల్లగా. మా అత్త, తోటికోడలు చేతిలో పని ఆపి ఆ చప్పుడు విన్నారు. మెల్లగా పోతోందంటే పక్కన ఆ పిల్ల ఉన్నట్టు. ఇద్దరూ మళ్లీ పనిలో పడ్డారు. నేను నా బిడ్డ నోట్లో ముద్ద పెట్టాను.